చిక్కిపోయాడని ఎవరూ అనలేదు

మా ఉద్దానంలో కొబ్బరిచెట్టు పాడవడానికి ఉన్నన్ని మాటలు మనిషి పాడవడానికి లేవు. ఈ ముక్క కోపంతోనే రాస్తున్నాను. కోపం చల్లారాక రాద్దామని చాన్నాళ్ళు ఆగాను. అది చల్లారేలా లేదు.

చెట్టు సంగతే చూడండి. పూత నిలవకపోతే రాలిందంటాం, పిందె నిలవకపోతే జారిందంటాం. మట్ట వాలుతుంది, ఆకు పాలిపోతుంది, మొవ్వు కుళ్ళుతుంది. కాయలో నీరు ఇంకుతుంది, లోపలి కొబ్బరి పలచబడుతుంది, నిల్వలో ఉంటే ముక్కిపోతుంది, పెంకు బీటలు వారుతుంది. జీడితోటలోకి వస్తే పూత మాడుతుంది, పిక్క తాలుపోతుంది. ఇక గాలివాన వచ్చిందంటే చెప్పక్కర్లేదు. చెదిరింది, చెల్లాచెదురైంది, చిందరవందరైంది, కొట్టుకుపోయింది, నేలపాలైంది. వీటిలో ఏది ఎక్కడ అనాలో మా వాళ్ళకి కచ్చితంగా తెలుసు. జారిన పిందెని రాలిందన్నారంటే, ఈయన తోట ముఖం ఎరగడని పెదవి విరుస్తారు.

అదే నోళ్ళు మనిషి దగ్గరకొచ్చేసరికి మూతపడతాయి. కళ్ళముందు మనిషి అరిగిపోతున్నా, తరిగిపోతున్నా, కృశించి పుల్లలా అయిపోతున్నా, "ఎండకి కాస్త వాడేడు" అంటారు. అక్కడితో సరి.

నా గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నాది పలాసలో జీడిపప్పు కార్ఖానా వాళ్ళకి పిక్కలు కొనిపెట్టే పని. సీజన్లో కవిటి, సోంపేట, మందస వైపు ఊళ్ళన్నీ తిరుగుతాను. ఊరికే తిరిగితే ఎవడు పిక్కలిస్తాడు? అందుకని కథలు చెబుతాను. కథలంటే కోతలే. కొన్నేళ్ళ కిందట వచ్చిన పెద్ద తుఫానుకి మా బావ తోటలో ఒక చెట్టు వేళ్ళతో సహా లేచి, సోంపేట సంతలో దిగి, అక్కడ కాయలన్నీ అమ్ముడయ్యాక సాయంత్రానికి తిరిగొచ్చి తన గోతిలో తను నిలబడిందని నేను చెప్పిన కథ ఇప్పటికీ ఆ వైపు నడుస్తోంది. మొన్నొకాయన దాన్నే నాకు చెప్పాడు, తన కళ్ళతో చూశానని. నేను కాదనలేదు. చెట్టుకి బస్సు చార్జీ ఎవరిచ్చారని మాత్రం అడిగాను.

నిజానికి ఆ తుఫాను బావ తోటలో చేసింది వేరు. తెల్లారి నేను వెళ్ళేసరికి చెట్లన్నీ ఒకే వైపు తలపెట్టి పడుకుని ఉన్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. మా అక్క మొగుడు, అంటే ఈ బావ, వాటి మధ్య నిలబడి మొవ్వులు తడిమి చూస్తున్నాడు. అప్పుడాయన నిండైన మనిషి. భుజాన గెల వేసుకుని నడిస్తే గెల చిన్నదిగా కనిపించేది. మిగిలిన కొద్ది చెట్ల కాయలతో బతకాలి కాబట్టి, పచ్చికాయ అమ్మడం మానేసి కురిడీ పెట్టడం మొదలెట్టాడు.

కురిడీ అంటే తెలియని వాళ్ళకి చెబుతాను. ముదిరిన కాయని తొక్కతోనే అటక మీద నీడన పేర్చి, దగ్గర దగ్గర ఏడాది అలా వదిలేస్తారు. లోపలి నీరు మెల్లమెల్లగా కొబ్బరిలోకి ఇంకుతుంది. ఇంకి ఇంకి, కొబ్బరి గుండ్రంగా ఎండి, పెంకుని వదిలేసి లోపల గలగలమంటుంది. పచ్చికాయ కన్నా దానికి విలువెక్కువ. అక్క ఇంట్లో అటకంతా కాయలే. అన్నం తింటుంటే నెత్తిమీద కాయలు సర్దుకునే చప్పుడు వినిపిస్తుంది. బావ రోజూ నిచ్చెనెక్కి ఒక్కో కాయని చెవి దగ్గర ఊపి, ఏది ఎంతవరకు వచ్చిందో చెప్పేవాడు. ఆ పనిలో ఆయనకి ఎంత పేరంటే, పక్క ఊళ్ళ వాళ్ళు కూడా కాయలు సంచిలో వేసుకొచ్చి వినిపించుకుని పోయేవారు.

అలాంటి మనిషి చిక్కడం మొదలెట్టాడు.

నేను నెలకో రెండు నెలలకో ఒకసారి వెళ్తాను కాబట్టి నాకు తెలిసింది. మొదట చొక్కా భుజాలు కిందికి దిగాయి. తర్వాత చేతి గడియారం మోచేతి వైపు జారడం మొదలెట్టింది. కాల్చిన మేకుతో ఆ తోలు బెల్టుకి కొత్త బెజ్జం పొడిచాడు. తర్వాతిసారి వెళ్తే దాని పక్కన ఇంకొకటి ఉంది. అన్నం సగంలో లేచిపోతున్నాడు. మొహం రంగు వెలిసిన గుడ్డలా ఉంది. ఆ ఊళ్ళో ఇవన్నీ దేనికి గుర్తులో తెలియని మనిషి లేడు. వీధికి ఒకరిద్దరు వారం వారం కిడ్నీ మిషను మీద పడుకుని వచ్చేవాళ్ళే. బావ సొంత అన్నగారు ఆ జబ్బుతోనే పోయాడు. అయినా సరే, అరుగు మీద కూర్చుని పలకరించిన వాళ్ళంతా ఏమన్నారో నేను విన్నాను. ఒకాయన తోట పనికి వాడేవన్నాడు. ఒకావిడ, ఒళ్ళు తేలికపడింది, మంచిదేనంది. వరసకి మావయ్యే ఇంకొకాయన, పొట్ట తగ్గి కుర్రాడిలా తయారయ్యావని మెచ్చుకున్నాడు. మెచ్చుకున్నాడండీ! మొవ్వు కుళ్ళిన చెట్టు కింద నిలబడి, నీడ భలే ఉందని మెచ్చుకున్నట్టు.

ఎందుకిలా అంటే, దానికో ఆచారం ఉంది. ఎవరూ రాయలేదు, ఎవరూ ఒప్పుకోరు, కానీ ఉంది. ఆ వైపు ఊళ్ళలో 'చిక్కిపోయాడు' అన్న మాట ఒక ఇంటి గడప ఎక్కిందంటే ఇక దిగదు. ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగడానికి చుట్టాలు వెనకాడతారు. ఆ ఇంటి పిల్లల సంబంధాలు చెదిరిపోతాయి. అందుకని ఎవరి ఇంటికీ ఎవరూ ఆ మాట పంపరు. రేపు నా ఇంటికి నువ్వు పంపకుండా ఉండాలి కదా, అదీ లెక్క. దీన్ని మర్యాద అంటారు. నేనైతే వేరే పేరు పెడతాను గాని అచ్చులో బాగోదు.

అక్కకి తెలుసు. ఆవిడ కళ్ళు చూస్తేనే నాకు అర్థమైంది. కాని మేనల్లుడికి, విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్నవాడికి, టెక్కలి వైపు నుంచి సంబంధం వచ్చి ఉంది. అదొకటి తేలనీ అని ఆవిడ పళ్ళ బిగువున ఉంది.

సరే, ఊరు అనకపోతే నేను అంటాననుకున్నాను. ఆ వీధిలోనే ఒక గృహప్రవేశం భోజనాల్లో, అందరూ వింటుండగా అన్నాను. బావా, నువ్వు ఎండకి వాడలేదు, చిక్కిపోతున్నావు, రేపే పలాస వచ్చి రక్తం చూపించుకో అని గట్టిగానే చెప్పాను.

పంక్తి పంక్తంతా నవ్వింది.

సాంబారు వడ్డిస్తున్న పెద్దమనిషి గరిటె ఆపి, "ఒరే, ఈడు మొదలెట్టీసినాడ్రా. బావ సిక్కిపోయి గాలికెగిరి సోంపేట సంతలో దిగినాడని సెప్తాడు, ఇనండి," అన్నాడు. ఇంకొకాయన, సాయంత్రానికి తిరిగొస్తాడా లేదా అని అడిగాడు. బావ అందరికన్నా ఎక్కువ నవ్వాడు. నవ్వి, ఆయాసం వచ్చి, గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. ఆ ఆయాసం ఒక్కడూ చూడలేదు. చూశారు, చూడనట్టు సాంబారు కలుపుకున్నారు.

ఎగిరిన చెట్టుని నమ్మిన మనుషులు ఎదురుగా కూర్చున్న మనిషిని నమ్మలేదు. విస్తరి మడిచి లేచొచ్చేశాను. పాయసం ఇంకా వడ్డించలేదు. పాయసం వదిలి లేవడం నా జన్మలో అదే మొదలు. నా కోపం ఎంతటిదో దీన్నిబట్టి మీరు కొలుచుకోవచ్చు.

నా వెనకే బావ బయటికొచ్చాడు. అప్పుడు చెప్పాడు తన మనసులో ఉన్నది. అది విన్నాక నాకు ఊరి మీద కోపం కాస్తా ఈయన మీదకి మళ్ళింది.

"నానేటి ఎర్రోడినా బావా? మా అన్నకేటయింది? కాళ్ళకి నీరొచ్చింది, మొకానికి నీరొచ్చింది, బుంగలాగ ఉబ్బిపోయి సచ్చిపోనాడు. నాకు నీరు పట్టిందేటి? నాకు నీరు లాగీసింది. రెండూ ఒకటెలాగవుద్ది?"

అంటే ఈయన తనని తాను అటక మీద కాయ అనుకుంటున్నాడు! నీరు ఇంకితే కాయకి విలువ పెరుగుతుంది, గట్టిపడుతుంది, ఇంక చెడిపోదు. అన్నగారు పచ్చిగా ఉండి కుళ్ళిపోయాడు, తను ఎండి నిలబడతాడు. పైగా ఒంట్లోకి నీరు చేరకూడదని తాగే నీళ్ళు కూడా తగ్గించాడట. రోజంతా తోటలో ఎండన పని చేసి, గొంతు తడుపుకుని ఊరుకుంటున్నాడు. జీవితమంతా కొబ్బరికాయలకి చెవి ఒగ్గిన మనిషి తప్ప ఇలాంటి తప్పు ఇంకెవరూ చెయ్యలేరు. ఏ ఊరి డాక్టరుకీ ఇది కలలో కూడా తట్టదు.

అప్పుడే ఆయనకి ఎదురు చెప్పాల్సింది. అది మాని, కోపంతో బండెక్కి వచ్చేశాను.

దారి పొడుగునా తిట్టుకుంటూనే ఉన్నాను. ఊరిని తిట్టాను. బావని తిట్టాను. ఈ జబ్బు మీద పరిశోధనలంటూ ఎన్నేళ్ళుగానో కార్లలో వచ్చి, మా నూతుల్లో నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళి, మా మట్టి సంచుల్లో పట్టుకెళ్ళి, మా వాళ్ళ రక్తం గొట్టాల్లో పట్టుకెళ్ళి, చివరికి కారణం ఇదమిత్థంగా తేలలేదని చెప్పే వాళ్ళందరినీ తిట్టాను. ఆ సీసాలన్నీ ఒకచోట పోస్తే బారువ తీరం దగ్గర రెండో సముద్రం అవుతుంది. ఇది కోతే, తెలుసు, కాని పెద్ద కోత కాదు. వాళ్ళు కనీసం వచ్చి చూశారు. మా వాళ్ళు రోజూ చూస్తూ ఉండి ఒక్క మాట అనలేకపోయారు. నాకు అది ఎక్కువ మండింది.

మళ్ళీ నేను వెళ్ళింది జీడిపూత దిగే రోజుల్లో. మధ్యాహ్నం. అక్క వాకిట్లో చేటలో బియ్యం పోసుకుని కూర్చుని ఉంది, చెయ్యి మాత్రం ఆడడం లేదు. నన్ను చూసి అటక వైపు కళ్ళెత్తింది. బావ పైనున్నాడు. అంతకు ముందు ఒక్క ఊపులో ఎక్కే నిచ్చెన, ఇప్పుడు మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కాడట. ఎక్కాక దిగడానికి ఓపిక చాలక అక్కడే కూర్చున్నాడట. ఆవిడ ఇది గొంతు తగ్గించి చెప్పింది, గోడవతలి వాళ్ళు వినకుండా.

నేనూ ఎక్కాను. బావ కాయల మధ్య, వెదురు బద్దల మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. పిక్కలు ఎలా ఉన్నాయని అడిగాడు. పూత మాడిందని చెప్పాను. ఆయన అలవాటుగా ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపి పక్కన పెట్టాడు. ఇంకొకటి తీసి ఊపాడు. నేను ఊరుకోలేక మూల నుంచి ఒక కాయ తీశాను. చేతికి తేలిగ్గా, గలగలమంటూ ఉంది. మంచి కాయ దొరికింది, ఇది తయారైపోయిందని అందించాను.

ఆయన ఊపి కూడా చూడలేదు. చేతిలో బరువు చూసి కిందికి, పెరట్లోకి విసిరేశాడు.

"అది పోనాది."

"ఎండింది కదేటి? గలగల్లాడతంది."

"ఎండడమేటి బావా? మొన్న దీపాల పండక్కి ఎక్కించిన వరస అది. ఏడాది ఎండాల్సిన కాయ ఇంతలోకే ఎండీసిందంటే ఎక్కడో బీటుందన్నమాట. దాన్లో నీరు ఇంకనేదు, కారిపోనాది. లోన కుళ్ళే ఉంతాది. కొట్టి సూడు, కావాలంటే."

ఈ మాటలు ఆయన చాలా మామూలుగా అన్నాడు, పాఠం చెప్పినట్టు. ఇంతకాలం నేను వెతుకుతున్నది ఆయన నోట్లోనే ఉంది. నేను కథ అల్లలేదు, గొంతు పెంచలేదు. అడిగానంతే.

"నువ్వు ఎప్పటి నుంచి ఎండతన్నావు బావా?"

ఆయన చేతిలో కాయ ఆగిపోయింది. కింద అక్క చేటలో బియ్యం కదిలిన చప్పుడైంది, మళ్ళీ ఆగింది. ఆవిడ వింటోంది. బావ తన మణికట్టు వైపు చూసుకున్నాడు. గడియారాన్ని వేలితో పైకి తోశాడు, అది ఏ అడ్డూ లేకుండా మోచేతి దాకా పోయింది. బెల్టుకి పొడిచిన బెజ్జాలు ఒక్కొక్కటే తడిమాడు.

"దీపాల పండక్కి ఈ మొదటి బెజ్జం మీదుండేది," అన్నాడు. తర్వాత కాయలకేసి చూసి, "ఆసుపత్రిలో కొట్టి సూడకుండా తెలుస్తాదేటి?" అన్నాడు.

రక్తం చుక్క చాలన్నాను. ఆయన నవ్వబోయాడు, కుదరలేదు. ఆయన్ని నిచ్చెన మీద నుంచి దింపుతుంటే, నా భుజం మీద పడిన బరువు ఎంత తక్కువంటే, దానికి పోలిక చెప్పడానికి నా దగ్గర కోత లేదు.

మర్నాడు పలాస తీసుకెళ్ళాను. డాక్టరమ్మ మా మాటలేవీ ఎత్తలేదు. వాడాడనలేదు, తేలికపడ్డాడనలేదు. కాయితం చూసి, రెండు మూత్రపిండాలూ దాదాపుగా పోయాయని, వారానికి రెండుసార్లు మిషను మీదకి రావాల్సిందేనని చెప్పింది. ఈ జబ్బులో అందరూ ఉబ్బరని, కొందరు ఇలాగే కృశిస్తారని, ముందే వచ్చి ఉంటే ఇంకొంత కాలం మందులతో లాక్కొచ్చేవాళ్ళమని కూడా చెప్పింది. బావ ఆవిడ కేసి చూస్తూ బుద్ధిగా తలాడించాడు. నేను మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని బయటికి చూస్తూ నిలబడ్డాను. 'ముందే' అన్న ఆ కాలంలో ఎవరెవరు ఏమేమన్నారో నాకు ఒక్కొక్కటీ వినిపిస్తోంది. వాడేవు. తేలికపడ్డావు. కుర్రాడిలా తయారయ్యావు. ఆ మాటలన్న ప్రతివాడూ మంచివాడే. బావంటే ప్రాణం పెట్టేవాళ్ళే. ప్రేమతోనే ఆయన కాలాన్ని అలా దుబారా చేశారు. గుప్పెళ్ళతో తీసి ఇసకలో పారబోసినట్టు పారబోశారు.

ఇప్పుడు బావ వారానికి రెండుసార్లు మొదటి బస్సుకి పలాస వస్తాడు, నేను స్టాండులో ఎదురెళ్తాను. ఆయన మిషను మీద పడుకున్నంతసేపూ పక్కన కూర్చుని కోతలు కోస్తాను. ఆ వార్డులో నాకు మంచి గిరాకీ ఉంది. ఎగిరిన చెట్టు ఇప్పుడు ఒడిశా దాటి బెంగాల్ వెళ్ళి, అక్కడ పెళ్ళి చేసుకుని వచ్చింది. సూదులు గుచ్చుకుని ఉన్నవాళ్ళు నవ్వుతుంటే నర్సమ్మ నన్ను కసురుతుంది, గొట్టాలు కదులుతున్నాయని.

టెక్కలి సంబంధం వాళ్ళు ఫోనెత్తడం మానేశారు. అక్క రెండ్రోజులు ఏడ్చింది. మూడోరోజు నుంచి తిట్టడం మొదలెట్టింది, అది ఏడుపు కన్నా ఆరోగ్యమైన లక్షణమని నేను సంతోషించాను. మేనల్లుడు మాత్రం, పోతే పోయారు, నాన్న ఎలా ఉన్నాడని అడిగాడు.

మొన్న నేను ఊరికెళ్ళినప్పుడు పాత బృందమే అరుగు మీద చేరింది. ఆ మావయ్య వరస ఆయన కూడా వచ్చాడు. వచ్చి, బావని ఎగాదిగా చూసి, పర్లేదు, మొకం తేటపడిందన్నాడు. నేను నోరు తెరవబోతున్నాను. బావ చెయ్యడ్డం పెట్టాడు.

"సిక్కిపోనాను మావా. సూడు, సిక్కిపోనాను. నోరారా అను ఒకసారి. అంటే నీ నోటికేటి పురుగులు పడిపోవు."

ఆయన తల తిప్పేసుకున్నాడు. బావ వదల్లేదు. మావయ్య చొక్కా భుజం పట్టుకుని లాగాడు, రెండు వేళ్ళ మేర గుడ్డ మిగిలి వేలాడింది. అది నేనూ చూడలేదు అప్పటిదాకా. ఎదుటి మనిషిని కుర్రాడిలా తయారయ్యాడని మెచ్చుకున్న ఈయన, తన చొక్కాలో తనే మునిగిపోతున్నాడు.

"నువ్వూ సిక్కేవు," అన్నాడు బావ. "నాతో బస్సెక్కు రేపు."

ఆయన భుజం విదిలించుకుని లేచాడు. అశుభం పలుకుతున్నావని, ఈ జీడిపిక్కల బావమరిది సావాసంలో నోరు పాడైందని తిట్టి, తన ఇంట్లోకెళ్ళి తలుపేసుకున్నాడు. అరుగు మీద వాళ్ళు ఒక్కొక్కరే, పనులు గుర్తొచ్చినట్టు, చెదిరిపోయారు.

మర్నాడు పొద్దున్నే మేమెక్కిన బస్సు ఆయన ఇంటి ముందు నుంచి వెళ్ళింది. తలుపు మూసే ఉంది. బావ కిటికీలోంచి తల బయటపెట్టి, వీధంతా వినేలా, "సిక్కేవు మావా," అని కేకేశాడు. బస్సులో జనం మా వైపు గుర్రుగా చూశారు. నేను లేచి నిలబడి, ఇంకా గట్టిగా, అదే మాట అరిచాను.

ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు. బస్సు అటు వెళ్ళిన ప్రతిసారీ బావ అరుస్తూనే ఉన్నాడు.